గాలి పట్టే విద్య

గాలిని పట్టి ఉంచుడు మా వాడకు పాత విద్య. కమ్మరి కొలిమికి తిత్తి కావాలన్నా, కాపుల మోటకు బొక్కెన కావాలన్నా మా మాదిగ గడపలకే వచ్చేటోళ్లు. తిత్తి కుట్టు కాడ చీమ దూరే సందున్నా కొలిమిల నిప్పు రాజుకోదు. అందుకే మా తాతలు తోలును సున్నంల నానబెట్టి, తంగేడు చెక్కతో లందల ఊనబెట్టి, ఆరెతోని పొడిచి, వారు బిగబట్టి కుట్టిండ్రు. ఇంత తెలిసిన చేతులను ఊరు ముట్టలేదు. ముట్టకుండనే ఆ తిత్తి గాలితోటి నాగలికర్రులు కాల్పించుకున్నది.

మోటలు పోయి కరెంటు మోటర్లు వచ్చినంక మా నాయినకు మిగిలినవి చెప్పులు, సైకిల్ పంపు వాషర్లు. పంపుల తోలు వాషరు చిన్న గిన్నె లెక్క ఉంటది. నాయిన దాన్ని గుండ్రంగ కోసి, ఆముదంల నానబెట్టి, వేలితోని అంచు తిప్పేటోడు. ఆ అంచు విచ్చుకొని గొట్టం గోడను పట్టుకుంటెనే గాలి ఆగుతది. ఎండితె జారుతది. నేను చదివిన మొదటి యంత్రశాస్త్రం అదే.

తర్వాత నేను సెంటినరీ కాలనీల సోఫాలు కుట్టే కొట్ల కూలికి కుదిరిన. సింగరేణిల బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. ఆ వందేండ్ల పేరే ఈ కాలనీకున్నది. చుట్టు ఓపెన్‌కాస్టులు, మట్టిగుట్టలు. క్వార్టర్లల్ల చినిగిన సోఫాలు మాకు పని. రెగ్జిను గుంజి పట్టి గాలిగన్నుతోని పిన్నులు కొడతం. సుత్తె, మొలలతో దినమంత పట్టే పని గంటల్ల అయితది.

ఓ వానకాలం ఆ గన్ను మొరాయించింది. పైపు తగిలించంగనే, ట్రిగ్గరు ముట్టకముందే బుస్సుమంటున్నది. పిన్ను సగమే దిగుతున్నది. "గోదావరిఖని నుంచి మెకానిక్‌ను పిలుస్త. నువ్వు ముట్టకురా. తోలు కుట్టేటోనికి మిషన్ల సంగతేం ఎరుక?" అన్నడు సేటు. కొట్లున్నోళ్లంత విన్నరు. రెండు దినాలైనా మెకానిక్ రాలే. పని ఆగితె మా కూలి ఆగుతది. "నేను చూస్త సేటూ" అన్న.

పిన్నులన్ని తీసేసి, గన్ను మూతిని మనుషులు లేని దిక్కుకు తిప్పి, ట్రిగ్గరు చుట్టు సబ్బునీళ్లు పూసిన. బుడగలు అక్కడ్నే లేచినయి. అప్పుడు పైపు ఊడదీసి గన్ను విప్పిన. గాలి ఉండంగ విప్పితె ప్రాణం మీదికొస్తది. ట్రిగ్గరు కాడి సన్న ఓరింగు చీలింది. పైమూత మరలు తీసి పిస్టన్ బయటికి గుంజితె దాని ఓరింగు గట్టిపడి అరిగింది. లోపలంత నల్లటి ముద్ద. కంప్రెషర్ ఈ కాలనీ గాలినే పీలుస్తది గద! అందుల బొగ్గుదుమ్ము, వానకాలపు తేమ. టాంకి అడుగు నల్ల తిప్పితె తుప్పునీళ్లు కారినయి. ఆ నీళ్లే గన్నులున్న నూనెను కడిగేసినయి. నూనె అందని రబ్బరు, ఆముదం అందని తోలు ఒక్క తీరుగనే చస్తయి.

లోపల పొడిగుడ్డతో తుడిచిన. కిరసనాయిలుతో కడిగితె మిగిలిన రబ్బర్లు పాడైతయి. పాత రింగులు పట్టుకొని గోదావరిఖని పోయి, లోపలి కొలత, మందం రెండూ సరిచూసి కొత్తవి తెచ్చిన. గన్ను నూనె రెండు చుక్కలు రాసి బిగించిన. గాలి తక్కువ పెట్టి చెక్కముక్క మీద కొట్టి చూసి, మెల్లగ 70 పౌండ్ల దాక పెంచిన. పిన్ను రెగ్జినును కోయకుండ సాపుగ కూసున్నది.

పొద్దుగూకి సేటు రోజుకూలి చేతుల పెట్టిండు. "రిపేరు పైసలు?" అన్న. "నువ్వేమన్న మెకానిక్‌వా?" అని నవ్విండు. మెకానిక్ వచ్చి ఇదే పని చేస్తె దానికి బిల్లున్నది. మా చెయ్యి చేస్తె లెక్కల్లకే రాదు. దొరల కాలంల చెప్పులు, తొండాలు ఉత్తగ కుట్టించుకున్నరు. దాన్ని వెట్టి అన్నరు. నా పని వెట్టి గాక ఇంకేంది?

నేను కదలలే. "మల్ల చెడితె మెకానిక్‌నే పిలువు సేటూ" అన్న. సగం పైసలిచ్చిండు. మిగతా సగం మరుసటి వారం అడిగి తీసుకున్న.

1994లో దండోర లేచినంక మావోళ్లు పేరు పక్కన మాదిగ అని ధైర్యంగ రాసుకున్నరు. ఆ పేరుతో పాటు ఆ పేరు వెనుకున్న విద్య గూడ లెక్కకు రావాలె. నేను చూసిన మిషన్ పుస్తకాలల్ల వాషరు బొమ్మ ఉన్నది, తోలు కోసి దాన్ని చేసిన మనిషి లేడు. చదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు! మీ ఇండ్లల్ల ముసలోళ్లు బతికుండంగనే అడుగుండ్రి: తిత్తికి ఏ తోలు, ఎన్ని కుట్లు, ఎంత ఆముదం? అడిగింది రాసిపెట్టుండ్రి. మేమిక్కడ రిపేరు పైసలు అడుగుడు బందు పెట్టం.