మా వాడకి నెట్టు మేమే వేసుకుంటే?

మా నాన్నకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కానీ హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కి రమ్మంటే మాత్రం రాడు. ‘‘నాలుగో అంతస్తుల కూసొని ఎవల మొఖం చూడాలె బిడ్డా?’’ అంటాడు. పోనీ నేనే ఊరికి వద్దామంటే, నా ఉద్యోగానికి కావాల్సినవి రెండే: ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి నెట్ కనెక్షన్. మొదటిది బ్యాగులో ఉంది. రెండోది మా వాడలో లేదు.

మాది హుస్నాబాద్ వైపు ఒక మండల కేంద్రం. బస్టాండ్ దగ్గర ఫైబర్ ఉంది. మా వాడ చెరువు కట్ట దాటాక ఉంటుంది. మొత్తం 86 ఇళ్లు. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే జవాబు: ‘‘మీ ఏరియాకి ఫీజిబిలిటీ లేదు మేడం.’’ మొబైల్ డేటా ఉంది కదా అంటారేమో. పొద్దున పర్లేదు. సాయంత్రం ఏడైతే వాడంతా రీల్స్‌లో ఉంటుంది, మీటింగ్‌లో నా మొహం ఫొటోలా ఆగిపోతుంది. పక్కింట్లో నీట్‌కి చదివే అమ్మాయి ఆన్‌లైన్ మాక్ టెస్టులు రాత్రి పన్నెండు దాటాక రాసుకుంటోంది.

కంపెనీలని తిట్టడం తేలిక. నేను చేసేది నెట్‌వర్కింగ్ సాఫ్ట్‌వేర్ పనే కాబట్టి వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది. కిలోమీటరుకి ఎన్ని ఇళ్లు వస్తాయి? ఎన్నాళ్లకి పెట్టుబడి తిరిగొస్తుంది? ఈ రెండు ప్రశ్నల దగ్గరే మాలాంటి వాడలన్నీ ఆగిపోతాయి. అయితే ఇదే లెక్కని వేరేలా వేసిన ఊళ్లు ఉన్నాయి.

పొలాల మధ్యలోంచి గిగాబిట్

2023లో ఆఫీస్ పని మీద ఆరు నెలలు మాంచెస్టర్‌లో ఉన్నాను. నా బీటెక్ క్లాస్‌మేట్ లాంకాస్టర్‌లో ఎమ్మెస్ చేస్తుండేది. తనతో కలిసి ఓ వారాంతం లూన్ లోయ పల్లెలు చూడ్డానికి వెళ్లా. ఎటు చూసినా గొర్రెలు, రాతి గోడలు, అక్కడొకటి ఇక్కడొకటి ఇల్లు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మా వాడంతా పట్టేస్తుంది. అలాంటి ఇళ్లలో సెకనుకి ఒక గిగాబిట్ స్పీడ్! డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడూ అంతే.

అది ‘బీ ఫోర్ ఆర్ ఎన్’ అనే నెట్‌వర్క్. ‘బార్న్’ అని పిలుస్తారు, అంటే గడ్డి కొట్టం. పెద్ద కంపెనీలు రాకపోతే 2011లో స్థానికులే దీన్ని మొదలుపెట్టారు. లాంకాస్టర్ యూనివర్సిటీలో పనిచేసిన నెట్‌వర్కింగ్ నిపుణుడు బ్యారీ ఫోర్డ్, రైతు కుటుంబానికి చెందిన క్రిస్ కాండర్ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. సొసైటీగా రిజిస్టర్ చేసి, షేర్లని ఊళ్లవాళ్లకే అమ్మారు. ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నా ఓటు మాత్రం ఒక్కటే. మొదట్లో కనెక్షన్‌కి 150 పౌండ్లు, నెలకి 30 పౌండ్లు పెట్టారు.

నన్ను ఆశ్చర్యపరిచింది స్పీడ్ కాదు, తవ్వకం. ఫైబర్ వేయడంలో గాజు తీగ ఖరీదు తక్కువే. అసలు ఖర్చంతా రోడ్డు తవ్వి మళ్లీ పూడ్చడంలో, స్థలం వాళ్లకి కట్టే అద్దెలో ఉంటుంది. వీళ్లు రోడ్డు వదిలేసి పొలాల్లోంచి వెళ్లారు. మెత్తటి మట్టి, త్వరగా తెగుతుంది. రైతులు దారి ఉచితంగా ఇచ్చారు, ఎందుకంటే ఆ తీగ చివర ఉన్న ఇల్లు వాళ్లదే. ట్రాక్టర్ ఉన్నవాళ్లు ట్రాక్టర్ తెచ్చారు, పార ఉన్నవాళ్లు పార తెచ్చారు, కేకులూ టీలూ ఇళ్లలోంచి వచ్చాయి. డబ్బు పెట్టలేనివాళ్లు పని చేసి, ఆ కూలికి బదులు షేర్లు తీసుకునే వీలు కూడా ఉంది. ముందు సన్నటి ప్లాస్టిక్ పైపు పాతిపెట్టి, తర్వాత గాలి ఒత్తిడితో అందులోకి ఫైబర్‌ని ఊదుతారు. అలా మొదలైన నెట్‌వర్క్‌కి ఇప్పుడు పది వేలకి పైగా కనెక్షన్లు ఉన్నాయి.

మనకి కొత్తేం కాదు

ఊరికి తిరిగొచ్చాక ఇదంతా చెబితే నాన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘‘ముల్కనూరోళ్లు గట్లనే చేసిన్రు గద’’ అన్నాడు. నిజమే! అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన ముల్కనూరు సహకార సంఘం మాకు కూతవేటు దూరమే. మా అమ్మమ్మ వాళ్ల తాత అప్పు తీసుకున్నదీ, వడ్లు అమ్మిందీ అక్కడే. వెనకటికి చెరువుల సంగతీ అంతే. అందరి పొలాలకీ నీళ్లు వదలడానికి నీరటి ఉండేవాడు, పంట వచ్చాక అందరూ కలిసి అతనికి గింజలు కొలిచేవాళ్లు. ఉమ్మడి ఆస్తి, దాన్ని చూసుకునే మనిషి, అతని కూలికి అందరి వాటా. నెట్టుకీ కావాల్సింది ఈ మూడే.

పైగా మన దగ్గర పెద్ద దారి ఇప్పటికే పడుతోంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన చోటే టీ-ఫైబర్ డక్టులు వేశారు. ఆంధ్రలో ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీద నుంచి వెళ్లింది. భారత్‌నెట్ లక్ష్యం గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తేవడం. మిగిలేది చివరి రెండు మూడు కిలోమీటర్లు, అంటే మా చెరువు కట్ట అవతలి ముక్క.

86 ఇళ్ల లెక్క

మేం తవ్వట్లేదు, స్తంభాల మీదే కడతాం. ఒక పెట్టె నుంచి ఒక ఫైబర్ వస్తుంది. మధ్యలో స్ప్లిట్టర్ పెడితే అదే ఫైబర్ 32 ఇళ్లకి పంచుకోవచ్చు. దీన్ని జీపాన్ అంటారు. ఇంగ్లండ్ పల్లెల్లో లాగా ఇంటికో ఫైబర్ కాదు కానీ, మా అవసరాలకి ఇది చాలు.

కొటేషన్లు తీసుకుంటే కేబుల్, పెట్టెలు, బ్యాటరీలు, కూలీ అన్నీ కలిపి నాలుగు లక్షల ముప్పై వేలు తేలింది. ఇంటికి ఐదు వేలు. ఆ తర్వాత నెలకి నాలుగొందలు. 60 ఇళ్లు చేరితే నెలకి 24 వేలు వస్తాయి. బ్యాండ్‌విడ్త్, కరెంటు బిల్లు, రిపేర్ మనిషి జీతం వెళ్లిపోతాయి. అంతకంటే తగ్గితే రెండో ఏడాదే మూతపడుతుంది. అందుకే 60 ఇళ్లు పూర్తయ్యేదాకా మీటరు కేబుల్ కూడా కొనొద్దని రాసుకున్నాం.

రూల్స్ సంగతి కూడా చెప్పాలి. ఇంటర్నెట్ అమ్మాలంటే లైసెన్స్ ఉండాలి, స్తంభాలకి తీగ కట్టాలంటే విద్యుత్ సంస్థ అనుమతి ఉండాలి. ఉత్సాహంతో తీగ లాగేస్తే కుదరదు. అందుకే లైసెన్స్ ఉన్న ఒక చిన్న ఐఎస్పీతో మాట్లాడుతున్నాం. సర్వీస్ వాళ్లది, వాడలోని సామాన్ల మీద హక్కు మాది. ఆ ఒక్క వాక్యం కాగితం మీదికి రావడానికే నెల పట్టింది. రేపు వాళ్లు రేటు పెంచితే ఇంకొకరి దగ్గరికి వెళ్లే దారి మాకుండాలి.

మేనమామ బిల్లు కట్టకపోతే?

టెక్నాలజీ దాకా నాకు ధైర్యమే. మీటింగ్ పెట్టాకే అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. పెట్టె ఎవరింట్లో పెట్టాలి? సర్పంచ్ వర్గం ఇంట్లో పెడితే మాజీ సర్పంచ్ వాళ్లు చేరరు. చివరికి బడి గదిలో పెట్టాలని ఒప్పుకున్నారు. వడ్ల గడ్డి లారీ తీగ తెంపితే ఎవరు ఎక్కుతారు? కోతులు కొరికితే? దానికి మా కేబుల్ అన్న ఉన్నాడు. మొదట్లో తన పొట్ట కొడుతున్నామని కోపంగా ఉన్నాడు. ఈ ఊళ్లో ఏ స్తంభం వంగిందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆ రిపేర్ జీతం ఆయనకే అన్నాక మెత్తబడ్డాడు. ఇప్పుడు రూట్ మ్యాప్ గీస్తున్నది ఆయనే.

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఒక పెద్దమ్మ అడిగింది: ‘‘మీ మేనమామ పైసలు కట్టకపోతే నువ్వు వైరు కోస్తవా?’’ అంతా ప్రీపెయిడ్, గడువు దాటితే సిస్టమే కట్ చేస్తుంది, మనిషి మొహం చూడక్కర్లేదు అని చెప్పాను. వెనక నుంచి నాన్న గొంతు వచ్చింది: ‘‘ఇంట్ల చావైనోనిది గూడ కోస్తదా నీ సిస్టం?’’ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు రూల్ మార్చాం. ముగ్గురు సభ్యుల కమిటీ ఒప్పుకుంటే ఏ ఇంటికైనా ఒక నెల గడువు ఇవ్వొచ్చు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లుండాలి. కోడ్‌లో ఇది నాలుగు లైన్లు. వాడలో మూడు గంటల చర్చ.

‘‘ఫైవ్‌జీ వస్తది కదక్కా, ఇదంతా ఎందుకు?’’ అని కుర్రాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ టవర్ స్పీడ్ దాని వెనక ఉన్న లింకుని బట్టే ఉంటుంది, పైగా ఆ టవర్‌ని అందరం పంచుకోవాలి. టవర్ ఎక్కడ వేయాలో మనం చెప్పలేం. స్ప్లిట్టర్ ఎక్కడ పెట్టాలో చెప్పగలం.

మీ ఊళ్లో కూడా ఇలాంటి ఆలోచన ఉంటే, యాప్ డౌన్‌లోడ్ చేసే ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఇళ్లు లెక్కపెట్టండి, స్తంభాలు లెక్కపెట్టండి. అందరికంటే ముందు మీ కేబుల్ ఆపరేటర్‌తో ఒక చాయ్ తాగండి.

మా నోట్‌బుక్‌లో ఇవాళ్టికి 53 పేర్లున్నాయి. అడ్వాన్స్ కట్టినవాళ్లు 41 మంది. ఇంకా ఏడు పేర్లు కావాలి. వానలు మొదలైతే స్తంభాలెక్కడం కష్టం. ఆదివారం మళ్లీ చెరువు కట్ట మొదటి ఇంటి నుంచి తిరగాలి.