రంగారావు తర్వాత రంగారావు

బొబ్బిలి రాజుల వరుస కంఠస్థం చేయబోతే తల తిరుగుతుంది. లింగప్ప, వెంగళ రంగారావు, రంగపతి రంగారావు, రాయుడప్ప రంగారావు, గోపాలకృష్ణ రంగారావు, చినరంగారావు, మళ్లీ ఇంకో రాయుడప్ప. ఇంటిపేరు రావు, బిరుదు రంగారావు. నడుమ పేరు మారుతుంది, చివరిది మారదు. జర్మనీలో రాయిస్ అనే చిన్న సంస్థానం ఇంతకన్నా ముదిరింది. ఆరో హైన్‌రిష్ చక్రవర్తి మీది గౌరవంతో పన్నెండో శతాబ్దం చివర మొదలై, ఆ వంశంలో పుట్టిన ప్రతి మగబిడ్డకూ హైన్‌రిష్ అనే పేరు పెట్టారు. గుర్తుపట్టడానికి అంకెలు తగిలించారు. ఒక శాఖవాళ్లయితే వంద దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటితో మొదలుపెట్టేవారు. మనవాళ్లు అంకెల జోలికి పోలేదు, అదే మేలు.

మరి ఈ రంగారావు బిరుదు ఎక్కడిది? 1652లో చికాకోలు ఫౌజ్‌దారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వెంకటగిరి వెలమ దొరల ఇంటినుంచి పెద్దరాయుడు ఈ సీమకు వచ్చాడు. విజయనగరం పూసపాటివారి మూలపురుషుడూ ఆ పటాలంలోనే ఉన్నాడు. తర్వాత తరాల పగ అక్కడినుంచే లెక్కపెట్టాలి. షేర్ అంటే పులి గనుక కొత్త కోటకు పెబ్బులి అని పేరు పెట్టారనీ, అదే నోళ్లలో నలిగి బొబ్బిలి అయిందనీ చెబుతారు. పెద్దరాయుడి కొడుకు లింగప్ప, శత్రువుల చెరలో పడ్డ ఫౌజ్‌దారు కొడుకును విడిపించాడట. అందుకు మెచ్చుకోలుగా పన్నెండు ఊళ్లూ, రంగారావు బిరుదూ దక్కాయి. విష్ణువు పేరున్న బిరుదును ఒక ముస్లిం అధికారి ఇవ్వడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 జనవరి 24 గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! బుర్రకథ చెప్పింది, 1964లో సినిమా చెప్పింది. విజయనగరం విజయరామరాజు ప్రోద్బలం, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, కోటలో స్త్రీల మరణం, మూడు రాత్రుల తర్వాత విజయరామరాజును పొడిచిన తాండ్ర పాపారాయుడి కత్తి. నా దృష్టి మాత్రం ఒక ముసలివాడి మీదే నిలుస్తుంది. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసినదాని ప్రకారం, కోట పడ్డాక అతడు ఒక పిల్లవాణ్ణి తెచ్చి లా అనే ఫ్రెంచి అధికారి చేతికి అప్పగించాడు. రంగారావు కొడుకు ఇతడు, తండ్రి మాటను కాదని బతికించానన్నాడు. వంశమంతా ఆ అవిధేయత మీద ఆధారపడింది.

ఆ బిడ్డే చినరంగారావు. పినతండ్రి వెంగళ రంగారావు పూసపాటివారితో బేరం కుదిర్చి రాజాం, కవిటి ప్రాంతాలు సంపాదించాడు. తర్వాత చినరంగారావును విజయనగరంలో బంధించారు. 1790లో తప్పించుకుని నిజాం సీమకు పోయాడు. 1794లో పద్మనాభం దగ్గర ఇంగ్లీషువాళ్ల చేతిలో చినవిజయరామరాజు చనిపోయాకే బొబ్బిలి మళ్లీ బొబ్బిలివారి పరమైంది. 1801లో శాశ్వత పైసలా వారసుడు రాయుడప్ప పేరిట జరిగింది. కత్తి పని అక్కడితో సరి, ఇక అంతా కచేరీ కాగితాలే.

అప్పటినుంచి అసలు ప్రశ్న యుద్ధం కాదు, కొడుకు లేకపోవడం. 1868లో సీతారామకృష్ణ రాయుడప్ప పోయాక రాణి లక్ష్మీ చెల్లాయమ్మ బాధ్యత తీసుకుంది. 1871లో వెంకటగిరి రాజుగారి మూడో కొడుకును, తొమ్మిదేళ్లవాణ్ణి, దత్తత తెచ్చుకుంది. రెండు శతాబ్దాల కిందట కొమ్మ ఏ చెట్టునుంచి వచ్చిందో ఆ చెట్టుదే మరో అంటు. ఆ పిల్లవాడే మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు. యుద్ధభూమిలో 1891 నాటి స్మారక స్తంభం నిలబెట్టింది ఆయన. 1900లో బొబ్బిలి జమీందారీ చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేసిందీ ఆయనే. తనను కనని వంశానికి అంత ఓపిగ్గా కథ రాసిపెట్టినవాడు, కన్నవాళ్లలో కనిపించడు.

ఊరికి కూతవేటు దూరంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనసమాను మొద్దును తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి అంతా ఒకే కాండం, అతుకు ఉండదు. బొబ్బిలి వీణకు ఆ పేరూ గిరాకీ అందుకే. రాజవంశం మాత్రం నిండా అతుకులే. అయినా స్వరం తప్పినట్టు ఊరు ఎప్పుడూ అనుకోలేదు.

శ్వేతాచలపతి మనవడు రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ నాయకుడై, 1932 నవంబరు నుంచి 1937 ఏప్రిల్ దాకా, నడుమ కొన్ని నెలలు తప్పించి, మద్రాసు ప్రభుత్వాన్ని నడిపాడు. 1937 ఎన్నికల్లో ఆయన్ని బొబ్బిలిలోనే ఓడించింది వి.వి. గిరి, తర్వాతి రోజుల్లో రాష్ట్రపతి అయిన గిరిగారే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. 1979లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు బొబ్బిలిని శ్రీకాకుళం నుంచి తీసి విజయనగరంలో కలిపారు. పాపారాయుడు వింటే ఏమనేవాడో!

ఆ తర్వాత వారసత్వం బ్యాలెట్ పెట్టెలోకి వెళ్లింది. ఆ వంశపు సుజయ్ కృష్ణ రంగారావు 2004 నుంచి బొబ్బిలి ఎమ్మెల్యేగా మూడుసార్లు గెలిచాడు, మంత్రి అయ్యాడు, 2019లో ఓడాడు. 2024లో ఆయన తమ్ముడు గెలిచాడు. ఎన్నికల కాగితాల్లో ఆయన ఆర్.వి.ఎస్.కె.కె. రంగారావు. ఊళ్లో మాత్రం బేబీనాయన.