వెల్లింగ్టన్ గాలిలో రుద్రమ కవచం

వెల్లింగ్టన్ వెళ్తున్నానంటే మా వీధిలో అందరిదీ ఒకటే మాట, ‘అక్కడ గాలి ఎక్కువటగా!’ అని. ఎంత ఎక్కువో విమానం దిగేటప్పుడే తెలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కణ్ణుంచి ఆక్లాండ్, మళ్లీ విమానం మారి వెల్లింగ్టన్. ఆఖరి పది నిమిషాలూ విమానం గతుకుల రోడ్డు మీద ఎర్రబస్సులా ఊగింది. నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టాను. పక్కసీట్లో ఆవిడ నింపాదిగా పుస్తకం చదువుకుంటోంది.

కుక్ జలసంధి మీంచి వచ్చే గాలి నేరుగా ఈ ఊరి మీదికే తోసుకొస్తుంది. మిరమార్ వైపు కొండమీద ఊరి పేరు పెద్ద తెల్ల అక్షరాలతో పెట్టారు. చివరి అక్షరాలు గాలికి ఎగిరిపోతున్నట్టు ఉంటాయి. తమ గాలి మీద తామే వేసుకున్న జోకు అది. మనకి వానలు పడే జూలైలో వాళ్లకి నడి చలికాలం. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకున్నా వణుకు తగ్గలేదు.

మా అమ్మాయి ఉండేది కొండవాలు మీది ఇంట్లో. రోడ్డు పక్కన గ్యారేజీ, అక్కణ్ణుంచి ఇంటికి నలభై మెట్లు. గ్యారేజీలో కారు ఉంటుందనుకున్నాను. తలుపు తీస్తే బట్టలకొట్లో ఉండే తలలేని బొమ్మ, దానికి అంటించిన మట్టి, బకెట్లు, డబ్బాలు, ఘాటు వాసన!

“ఏవిటే ఇదంతా?”

“కవచం అమ్మా. రుద్రమదేవి కవచం.”

ఆ ఊళ్లో ఆర్మగెడాన్ అని ఓ ఉత్సవం జరుగుతుందట. పేరు వింటేనే భయం! సినిమాల్లో, కామిక్స్‌లో పాత్రల వేషాలు సొంతంగా తయారుచేసుకుని వేలమంది వస్తారట. అందరూ ఇంగ్లిషు సినిమా వీరుల వేషాలే వేస్తారు కాబట్టి, తను మన కాకతి రుద్రమ వేషం వేస్తుందట. గుండె మీద ఓరుగల్లు తోరణం, భుజాల మీద ఆ తోరణం పైన ఉండే హంసలు. బొమ్మ తనే గీసుకుంది. బొమ్మ బాగుంది. కానీ ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, బొమ్మలాటలేంటి? ఆ మాట పైకి అనలేదు. మొహంలో కనిపించే ఉంటుంది.

రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని వెళ్లి, సాయంత్రం వచ్చి గ్యారేజీలో దూరేది. ‘నేనొచ్చింది ఈ మట్టిని చూడ్డానికా!’ అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని.

ఆ రాళ్ల రాక్షసుల ఇంట్లో

ఓ శనివారం నన్ను మిరమార్ తీసుకెళ్లింది. ఊళ్లోంచి రెండో నంబరు బస్సు ఎక్కితే చాలు. మామూలు ఇళ్ల మధ్య మామూలు వీధి. మలుపు తిరగ్గానే ముగ్గురు రాతి రాక్షసులు మనల్ని చూస్తుంటారు. అదే ‘వేటా వర్క్‌షాప్’. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సినిమాలకి కత్తులు, కవచాలు తయారైంది ఇక్కడే. వేటా అంటే న్యూజిలాండ్‌లో ఉండే పెద్ద మిడత లాంటి పురుగు.

రిచర్డ్ టేలర్, టానియా రోడ్జర్ అనే జంట 1987లో మొదలుపెట్టారు. మొదట్లో వాళ్ల కార్ఖానా అంటే అద్దె ఇంటి వెనక గదే. ఆ మాట వినగానే మా అమ్మాయి నా వైపు చూసి కనుబొమలెగరేసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అక్కడి పని పద్ధతి విన్నాక నాకు మా తెనాలే గుర్తొచ్చింది. ముందు కమ్మరి ఉక్కు రేకుని కొట్టి ఒక్క అసలు కవచం చేస్తాడు. దాని మీంచి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో యురేథేన్ పోసి పదులూ వందలూ నకళ్లు తీస్తారు. కెమెరాకి దగ్గరగా ఉండే నటుడికి ఉక్కుది, గుర్రం మీంచి పడే వాళ్లకి తేలికది. గొలుసు కవచాల కోసమైతే ప్లాస్టిక్ గొట్టాలని సన్నగా రింగులు కోసి, ఒకదాన్లో ఒకటి చేత్తో తగిలించారట. కోటీ పాతిక లక్షల రింగులు! ఆ పనిచేసిన వాళ్ల వేలిముద్రలు అరిగిపోయాయని చెప్తారు.

మా తెనాలి శిల్పశాలల్లో విగ్రహం చేసేదీ ఇలాగే కదా. ముందు మట్టి, దాని మీద ప్లాస్టర్ అచ్చు, అచ్చులో ఫైబర్ పోత. బస్సులో ఆ మాటే అంటే, “మరి నా గ్యారేజీని చూసి మొహం ముడుచుకున్నావేం?” అంది. ఏం చెప్పను?

గంధకం వాసన

ఆ రాత్రే మట్టి కవచం మీద సిలికాన్ రబ్బరు పూసింది. రెండు డబ్బాల్లోంచి సమానంగా తీసి, కలిపి, బ్రష్షుతో పల్చగా పూయాలి. గట్టిపడితే అదే అచ్చు. పొద్దున్నే చూస్తే గట్టిపడలేదు. చలికి ఆలస్యం అవుతుందేమోనని హీటరు పెట్టింది. సాయంత్రానికీ అదే వరస. పైన కాస్త గట్టిపడ్డా, మట్టిని తాకిన చోట బెల్లం పాకంలా జిగురు. నెల రోజుల పని. పిల్ల మెట్ల మీద కూచుని ఏడ్చినంత పని చేసింది.

ముప్పై ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని. మట్టి ముద్ద తీసి వాసన చూశాను. గంధకం! డబ్బా మీద చదివితే, అది ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికాన్. గంధకం తగిలితే ప్లాటినం పనిచేయడం మానేస్తుంది. “మట్టి మార్చవే. గంధకం లేనిది తే. ఈసారి ముందు గోళీ అంత ముద్ద మీద పరీక్ష చెయ్” అన్నాను. నన్ను కొత్తగా చూసింది. అప్పటిదాకా నేను దాని గ్యారేజీలో ముక్కు మూసుకునే మనిషిని!

ఎలాగూ మళ్లీ మొదలే కాబట్టి ఇంకోమాట కూడా చెప్పాను. ఆ కొట్టు బొమ్మ దాని కొలత కాదు. దాని మీద చేసిన కవచం దీనికి డొల్లగా వేలాడుతుంది. “నా ఒంటి మీంచే అచ్చు తీయాలమ్మా. కానీ అది ఒక్కదాన్నీ చేసుకోలేను” అంది.

పిండికట్టు

ఎముక విరిగితే డాక్టరు వేసే పిండికట్టు గుడ్డే. పాత బిగుతు బనీను, దాని మీద వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి నిలబెట్టాను. గుడ్డ ముక్కల్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, మెడ కింద నుంచి నడుము దాకా మూడు నాలుగు పొరలు అంటించాలి. అంచులు ఇంకాస్త మందంగా. చిన్నప్పుడు నలుగు పెట్టాక ఇన్నేళ్లకి దాని ఒంటి మీద మళ్లీ చేతులు వేశాను. భుజం ఎముకలు చేతికి తగిలాయి. చిక్కిపోయింది.

“మోకాళ్లు బిగబట్టకు, కళ్లు తిరుగుతాయి. మీ నాన్న పద్యం ఎత్తుకునే ముందు పీల్చినట్టు నిండుగా ఊపిరి పీల్చు” అన్నాను. మా వారు నాటకాల మనిషి.

పీల్చింది. వదిలాక అంది, “అమ్మా, నాకు ఉద్యోగం లేదు. మార్చి నుంచి.”

పిండి గట్టిపడుతూ వేడెక్కుతోంది. అది కదలకూడదు. నేను అంచులు వదలకూడదు. రోజూ ఆ సంచీ తగిలించుకుని వెళ్లేది లైబ్రరీకట. అక్కడే కూచుని దరఖాస్తులు పెడుతోందట. నా నోట్లోంచి ముందొచ్చింది తప్పు మాటే: “మరి ఇవన్నీ కొనడానికి డబ్బులెక్కడివే?”

“అంతకుముందు కొన్నవేనమ్మా. ఆ మట్టొక్కటే కొత్తగా కొనాలి. రోజూ పంపే దరఖాస్తుల్లో ఒక్కదానికీ జవాబు రాదు. ఇక్కడ మాత్రం ఏదో ఒకటి పూర్తవుతుంది.”

కన్నీళ్లు కారుతుంటే తుడవడానికి నా రెండు చేతులకీ పిండే. మోచేత్తో తుడిచాను. “నాన్నకి చెప్పకు” అంది. “నేను చెప్పను. ఈ రాత్రి నువ్వే చెప్తావు” అన్నాను. ఇరవై నిమిషాలకి పక్కలు కత్తిరించి విప్పాం.

రాత్రి వీడియోలో చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పట్టీలు వీపు మీద పెట్టకమ్మా, పక్కన పెట్టు. రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచు. ఊపిరాడాలి” అన్నారు. మట్టి మీద చింతపిక్కల జిగురుతో కాగితాలంటించి దుర్యోధనుడి కవచం చేసుకున్న మనిషి మరి!

పోత

పిండికట్టు రెండు ముక్కల్నీ కలిపి మొండెం చేశాం. దాని మీద కొత్త మట్టితో మళ్లీ కవచం, తోరణం. సిలికాన్ మొదటి పొర పల్చగా, బుడగలు లేకుండా. పైన మరో మూడు పొరలు. రబ్బరు దానంతటది నిలబడదు కాబట్టి వెనక మళ్లీ పిండికట్టు. లోపలి మట్టి తీసేస్తే అచ్చు తయారు.

పోత రోజు గ్యారేజీ తలుపు బార్లా తీసి, చేతులకి తొడుగులు, మొహానికి రెండు వైపులా ఫిల్టర్లున్న మాస్కు. ఆ రెజిన్ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు లేకుండా ఎవరూ చేయకూడదు. రెండు ద్రవాలు సమానంగా కలిపాక అయిదు నిమిషాలే టైము. అచ్చుని అటూ ఇటూ వంచుతూ తిప్పాలి. తేనెరంగు ద్రవం చూస్తుండగానే తెల్లబడి, వేడెక్కి గట్టిపడుతుంది.

మొదటి పోత గుల్లగుల్లగా మైసూర్‌పాక్‌లా వచ్చింది! ఎన్నాళ్లుగానో మూత సరిగా పెట్టని సీసాలోకి తేమ చేరిందన్నమాట. కొత్త సీసా విప్పాం. ఈసారి అచ్చు లోపల ముందు అల్యూమినియం పొడి అద్ది పోసింది. అరగంట ఆగి రబ్బరు ఒలిస్తే తోరణం చెక్కుచెదరకుండా వచ్చింది. స్టీలు పీచుతో రుద్దుతుంటే నిజం లోహంలా మెరిసింది. తొడిగి పట్టీలు బిగించాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. చూసుకోవడానికి అద్దం నలభై మెట్ల పైన ఉంది. కవచంతోనే ఎక్కింది. గాలి కొడుతున్నా ఆగలేదు.

ఉత్సవం నాటికి నేను తెనాలి వచ్చేశాను. ఫొటో పంపింది. ఎడమ భుజం హంస కాస్త వాలింది. “పట్టీలు ఎవరు బిగించారే?” అంటే, పక్కింటావిడ అంది. ఉద్యోగం ఇంకా రాలేదు. రెండు ఇంటర్వ్యూలయ్యాయి. ఇప్పుడు లైబ్రరీకి వెళ్తే వెళ్తున్నానని చెప్పే వెళ్తోంది.

గుల్లబోయిన మొదటి పోతని చీరల మధ్య పెట్టి తెచ్చాను. మా వారు ఆ గుల్లలకి లప్పం పట్టించి బంగారు రంగు వేశారు. తిరనాళ్ల నాటకంలో తొడుక్కుంటారట. కూతురి కొలత కదా, ఆయనకి బిగుతు. పక్క పట్టీలు పొడుగ్గా కుడుతున్నాను.