మూడో సిలిండర్ గవాహీ

రంజాన్‌కి ఇంకా పది రోజులుందనగా మా తమ్ముడు రాత్రి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ముట్టలేదు. అమ్మీ మూడుసార్లు అడిగింది. నాలుగోసారికి నోరు విప్పాడు. "సార్ నేను పెట్రోల్ తీసి అమ్ముకుంటున్ననని అంటున్నడు."

బంజారా హిల్స్ రోడ్ నంబర్ 12లో ఒక సార్ దగ్గర వాడు డ్రైవర్. నాలుగేళ్ళ నౌకరీ. బండి 1.5 లీటర్ల టర్బో పెట్రోల్, నాలుగు సిలిండర్లది. నెల రోజులుగా ఫిల్మ్‌నగర్ చఢావు ఎక్కేటప్పుడు పెడల్ గట్టిగా తొక్కితే బండి దడదడమని కుదుపుతోందట, ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటోందట. మైలేజీ 12 నుంచి 10కి పడిపోయింది. ఒక పెద్ద వర్క్‌షాపు వాళ్ళు చూసి "కల్తీ పెట్రోల్" అన్నారు. హై ప్రెషర్ పంపు, నాలుగు ఇంజెక్టర్లు మార్చాలన్నారు, లెక్క లక్ష దాటింది. ఇక సార్ దిల్‌లో షక్ మొదలైంది: మంచి పెట్రోల్ అమ్ముకుని ఇంకేదో పోస్తున్నాడని.

తన్‌ఖా పోతే ఇంకో చోట దొరుకుతుంది. ఈ ఇల్జామ్‌తో పోతే ఆ వీధిలో ఎవరూ మళ్ళీ తాళం చేతికివ్వరు. అమ్మీ ఆ రాత్రి జానమాజ్ మీంచి లేవలేదు. తమ్ముడు కసమ్ తిన్నాడు. కసమ్‌ని సార్ ఎందుకు నమ్మాలి? నాకు అదే అనిపించింది, పైకి అనలేదు.

"ఆదివారం దాకా టైం. మీవాళ్ళెవరికైనా చూపించుకో" అన్నాడట సార్. మా మామూకి నూర్‌నగర్ గల్లీలో రేకుల షెడ్డు ఉంది. పన్నెండేళ్ళప్పుడు షాగిర్ద్‌గా చేరి, ఇప్పుడు తనే ఉస్తాద్. శనివారం జుహర్ తర్వాత బండి అక్కడికి తెచ్చాం. నేనూ వెళ్ళాను, బడిలో సైన్స్ చెబుతాను కదా, వీళ్ళు ఏం చేస్తారో చూద్దామని.

మామూ బానెట్ ఎత్తలేదు. ముందు కూర్చుని సవాళ్ళే. "నిలబడ్డప్పుడు కుదుపుతదా?" లేదు. "తీగల వంతెన మీద నిమ్మళంగ పోతే?" లేదు. "చఢావుల, మూడో గేర్ల, పెడల్ నిండ తొక్కితేనేనా?" అవును మామూ. "లైటు ఆగకుండ వెలుగుతదా, కొట్టుకుంటదా?" కొట్టుకుంటది. "గట్ల కొట్టుకుంటే కాలు తియ్యాలె బేటా. మండని పెట్రోల్ సైలెన్సర్ల ఉన్న కెటలిస్టుల పడి దాన్ని కాలుస్తది."

స్టీరింగ్ కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్‌కి స్కానర్ పెట్టి, ఫోన్ నా చేతికిచ్చాడు. ఫిల్మ్‌నగర్ ఎక్కాం. పెడల్ తొక్కగానే వెనక సీట్లో నా నడుముకే తెలిసింది. తెరమీద పి0303. అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్.

గట్టిగా తొక్కితేనే ఎందుకు అని అడిగాను. "టర్బో గాలిని కుక్కి పంపుతది ఆపా. ఖాళీ గల్లీల ఎవడన్న ఉరుకుతడు. రంజాన్ రాత్రి చార్మినార్ కాడ ఉరికి చూడు." ప్లగ్గు కొసల మధ్య నిప్పురవ్వ దూకాలి. గాలి ఎంత చిక్కగా ఉంటే దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. కాయిల్ అంత ఇవ్వలేకపోతే రవ్వ పుట్టదు, లేదా రబ్బరు తొడుగు చీల్చుకుని పక్క ఇనుముకి దూకేస్తుంది. ఇంత సాఫ్‌గా నేను తొమ్మిదో తరగతికి ఎప్పుడూ చెప్పలేదు, నిజం.

మామూ చేసిన పని నిజానికి చాలా చిన్నది. ఇంజిన్ చల్లారాక ఒక్కో బోల్టు విప్పి మూడో కాయిల్‌ని ఒకటో సిలిండర్ మీద, ఒకటోదాన్ని మూడో దాని మీద పెట్టాడు. ప్లగ్గులు ముట్టలేదు, ఇంజెక్టర్లు ముట్టలేదు. కోడ్ చెరిపాడు. "ఇప్పుడు తప్పు కాయిల్‌దైతే కాయిల్ ఎంబడి నడుస్తది. మూడుల్నే ఉంటే ప్లగ్గు చూస్తం, అటెన్క ఇంజెక్టరు, అటెన్క కంప్రెషన్."

అస్ర్ అజాన్ అయ్యింది. మామూ నమాజ్‌కి పోయాడు. తమ్ముడు మాత్రం బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక మళ్ళీ అదే చఢావు, అదే గేరు. కుదుపు. నా చేతిలో పి0301.

తమ్ముడు బండి పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల పెట్టేశాడు.

ఎందుకంటే పెట్రోల్ నాలుగు సిలిండర్లకీ ఒకే రైలు నుంచి పోతుంది. అది చెడ్డదైతే నాలుగూ ఏడవాలి. ఒక్క మూడో సిలిండరే ఏడవదు, కాయిల్ మారిస్తే ఏడుపు ఒకటోదానికి మారదు. ఇంతకంటే సబూత్ ఏం కావాలి?

తర్వాత ప్లగ్గులు తీశాడు మామూ. సందు 0.8 మిల్లీమీటర్లు దాటకూడదన్నాడు. గేజ్ పెడితే నాలుగూ అరిగి 1.1 దగ్గర ఉన్నాయి. ఆ వెడల్పు సందు దాటించడానికి రోజూ ఎక్కువ వోల్టేజి ఇచ్చి ఇచ్చి ఆ కాయిల్ అలిసిపోయింది. దాని రబ్బరు తొడుగు మీద పెన్సిల్ గీతలా సన్నని నల్లచార. ఇంటర్‌కూలర్ గొట్టాల బిగింపులు కూడా చూశాడు, బాగున్నాయి. పుత్లీబౌలి నుంచి ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులు తెప్పించి బిగించాడు. మగ్రిబ్‌కి ముందు ఆ చఢావుని బండి పావురంలా ఎక్కింది. మైలేజీ సంగతి అడిగితే మామూ మొత్తం దీని మీదే వేయలేదు. "కొంత దీనితోని, కొంత ట్రాఫిక్‌తోని. అబద్ధం చెప్ప."

ఆదివారం తమ్ముడు పాత కాయిల్, పాత ప్లగ్గులు పేపర్లో చుట్టి తీసుకెళ్ళాడు. రెండు కోడ్‌ల ఫోటోలు నా ఫోన్ నుంచి పంపాను. సార్ నల్లచారని వేలితో రుద్ది చూశాడట. చాలాసేపు ఖామోష్. మాఫీ ఏమీ అడగలేదు. "బిల్లెంతయింది?" అని ఇచ్చేసి, తాళం చేతిలో పెట్టాడు.

తమ్ముడు ఇప్పుడు జేబులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాడు. ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు రాసి, బంకు రసీదు పిన్ను కొడతాడు. సార్ అడగలేదు. నిన్న చూశాను, 11.6 అని రాసి ఉంది.