పాలమూరు దారిలో రేడియం అక్షరాలు

నల్లగొండ గడియారం సెంటర్లో నిలబడి ఓ పది నిమిషాలు రోడ్డు వంక చూడండి. ఆ ఊళ్లో ఏ హీరోకి ఎంత బలగం ఉందో తెలుసుకోవడానికి వేరే సర్వేలు అక్కర్లేదు, బండ్లే చెప్పేస్తాయి! ఒక పెట్రోలు ట్యాంకు మీద 'పవర్ స్టార్'. దాని వెనకే వచ్చే ఆటో అద్దం నిండా 'డార్లింగ్'. పాలక్యాన్లు వేలాడేసుకుని పోతున్న మోపెడ్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పుష్పరాజ్. ఇంకో బండి మీద ఒకవైపు ఆంజనేయస్వామి, రెండోవైపు మహేష్ బాబు. ఇద్దరికీ సమానమైన భక్తి!

ఈ అక్షరాలు ఎక్కడ పుడతాయో చూద్దామనే నా ప్రయాణం. హైదరాబాదులో బస్సెక్కి చౌటుప్పల్, చిట్యాల దాటాను. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి కుడిపక్కకి తిరిగితే నల్లగొండ. దారి పొడుగునా రాళ్లగుట్టలు, బత్తాయి తోటలు.

షాపు వెతుక్కోవడం కష్టం కాలేదు. 'స్టిక్కర్ల దుకాణం ఎక్కడ?' అంటే ఎవరూ చెప్పలేదు గానీ 'రేడియం షాపా?' అని ఎదురడిగి దారి చూపించారు. ఇక్కడ దీని పేరు రేడియమే. నంబరు ప్లేటైనా, దేవుడి బొమ్మైనా, హీరో పేరైనా అంతా రేడియం పనే.

అన్నట్టు, ఈ రేడియంలో రేడియం రవ్వంత కూడా లేదు సుమండీ! క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ మూలకాన్ని ఒకప్పుడు గడియారాల ముళ్లకి పూసేవారు. చీకట్లో మెరిసేది. ఆ పేరు జనం నోట నిలిచిపోయి, మెరిసే ప్రతిదానికీ అంటుకుంది. మన బండ్ల మీది స్టిక్కరు తనంతట తాను వెలగదు. అందులో కంటికి ఆనని గాజుపూసలుంటాయి. లైటు పడితే ఆ వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాయి. 1930ల చివర్లో అమెరికాలో త్రీఎం కంపెనీ రోడ్డు బోర్డుల కోసం ఇలాంటి రేకు తయారు చేసింది. ఇక మెరవని మామూలు స్టిక్కరుంది చూశారూ, అది వినైల్. మన నాన్నల తరం ఘంటసాల పాటలు విన్న ఎల్పీ రికార్డు కూడా ఆ జాతిదే! అప్పుడు గీతల మీద ముల్లు తిరిగి పాట వచ్చింది, ఇప్పుడు బ్లేడు తిరిగి పేరు వస్తోంది.

షాపంటే ఒక మడిగె. ఒక కంప్యూటర్, గోడకి రంగురంగుల రోళ్లు, మధ్యలో కటింగ్ మిషన్. షాపాయనకి యాభై దాటి ఉంటాయి. నన్ను చూడగానే "కూసోండ్రి సార్, ఏం ఊరు?" అన్నారు. పత్రికకి రాస్తానని చెప్పా. ఆయన వెంటనే "మరి బండికి 'ప్రెస్' అని ఏయమంటరా?" అన్నారు. అక్రెడిటేషన్ కార్డు కూడా లేని స్వేచ్ఛా విలేకరిని నేను. ఆ అక్షరాలు అతికించుకుంటే ముందు నన్నే పోలీసులు ఆపుతారని చెప్పేసరికి గట్టిగా నవ్వారు. అక్కణ్ణుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

పని చూస్తే సినిమా చూసినట్టే ఉంది. కంప్యూటర్లో కోరల్ డ్రా తెరిచి, అను ఫాంటులో పేరు కొట్టి, మిషన్‌కి పంపారు. రోలు ముందుకీ వెనక్కీ కదులుతోంది, బ్లేడు అటూ ఇటూ పరుగెడుతోంది. పైన వినైల్ తెగాలి, కింద మైనపు కాయితం తెగకూడదు. ఒత్తిడి ఒక్క గీటు ఎక్కువైతే కాయితం చిరుగుతుంది, తక్కువైతే అక్షరం ఊడిరాదు. 'కత్తి' కాంతారావుగారు పుట్టింది కోదాడ దగ్గరి గుడిబండలో. 2016లో జిల్లాలు విడిపోయే దాకా అది నల్లగొండ జిల్లాయే. ఆ జిల్లాలో కత్తి తిప్పే విద్య ఇంకా పోలేదన్నమాట!

అసలు పని మిషన్ ఆగాక మొదలవుతుంది. అక్షరం చుట్టూ ఉన్న వేస్టుని సూదితో లేపి, లాగి పారేయాలి. ఇంగ్లీషు అక్షరాలైతే చకచకా వచ్చేస్తాయి. తెలుగు దగ్గర కూర్చుంటుంది పేచీ. మన లిపి గుండ్రం కాబట్టి బ్లేడు హాయిగా తిరుగుతుంది, మలుపుల దగ్గర తన్నదు. కానీ తలకట్టులు, సున్నాలు, కింద వేలాడే ఒత్తులు... అన్నీ విడివిడి ముక్కలు. "సార్, గీ ఒత్తు ఉన్నది సూడుండ్రి, గదే మా పానం దీస్తది. పెద్ద అక్షరం మంచిగనే నిలబడ్తది, ఒత్తు వేస్టుతోటి లేసిపోతది. కస్టమర్ ఇంటికి పోయినంక సూస్కుంటడు, మా నాయిన పేర్ల ఒత్తేదని" అన్నారాయన. ఉర్దూ బోర్డులకి నుక్తాలతో ఇదే తంటా. అక్షరాలు చాలావరకు చేతులు పట్టుకుని గొలుసుగా వచ్చేస్తాయి, చుక్కలు మాత్రం ఎక్కడివక్కడ జారిపోతాయి. ఈ రెండు ఊళ్లలోనూ మూడు భాషల బోర్డు మామూలే.

తర్వాత అక్షరాల మీద మాస్కింగ్ టేపు వేసి, మైనపు కాయితం వదిలించి, అంతా ఒక్కసారిగా ట్యాంకు మీదికి దించాలి. అంతకుముందే ఆయిల్ మరక లేకుండా తుడవాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోరు. నల్లగొండ ఎండ సంగతి మీరు వినే ఉంటారు. కాలిన ట్యాంకుని తాకీ తాకగానే జిగురు పట్టేస్తుంది, సర్దుకోవడానికి వీలుండదు. హీరో పేరు వంకరపోతే అభిమానులు ఊరుకుంటారా?

ఈయన మొదట్లో పెయింటర్. గోడలకీ, షాపులకీ బ్రష్షుతో బోర్డులు రాసేవారు. కొత్త సినిమా వచ్చినప్పుడు టాకీసు ముందు అభిమాన సంఘాల బ్యానర్లకి పేర్లు రాశారు. వాల్‌పోస్టర్ వచ్చిందంటే హీరో బొమ్మ సంగతి తర్వాత, టైటిల్ అక్షరం ఎలా తిప్పారో చూసేవారట. 1967 నాటి 'సాక్షి' దగ్గర్నుంచి పోస్టర్లు వేసిన ఈశ్వర్‌గారి అక్షరాలంటే ఆ తరం పెయింటర్లకి గురి. ఆ తర్వాత ఫ్లెక్సీ మిషన్లొచ్చాయి, బ్రష్షు మూలపడింది. చాలామంది పని మానేశారు. ఈయన అప్పుచేసి కటింగ్ మిషన్ కొన్నారు.

మిషన్‌కీ కష్టాలు తప్పలేదు. కారు అద్దాల నల్ల ఫిలిం మంచి గిరాకీ. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు దాన్ని వద్దంది. ఆ ఆదాయం పోయింది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ హై సెక్యూరిటీ ప్లేటుతోనే వస్తున్నాయి. నంబరు ప్లేటు పని కూడా సగం పోయింది.

నంబరు ప్లేటంటే గుర్తొచ్చింది, మన రాష్ట్రం కథ అంతా ఈ మడిగెలో రెండేసి అక్షరాల్లో తెగింది. అప్పట్లో నల్లగొండ బండి 'ఏపీ 24', మహబూబ్‌నగర్ బండి 'ఏపీ 22'. ఉద్యమం రోజుల్లో కుర్రాళ్లు వచ్చి 'ఏపీ' మీద 'టీజీ' అతికించమనేవారు. చట్టం ఒప్పుకోదని ఎవరికి తెలీదు? అయినా అతికించుకున్నారు. 2014లో రాష్ట్రం వచ్చింది, కోడ్ మాత్రం 'టీఎస్' అయింది. నల్లగొండకి 05, పాలమూరుకి 06. మళ్లీ 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకి 'టీజీ'! సినిమాకి టైటిల్ మార్చి మార్చి, విడుదలనాటికి మళ్లీ మొదటి టైటిలే ఖాయం చేసినట్టు. అప్పుడు దొంగచాటుగా కోసిన ఆ రెండక్షరాలు ఇప్పుడు సర్కారు ప్లేటు మీదే అచ్చై వస్తున్నాయి. "అప్పుడు పైసల్ గూడ అడగలె సార్, ఊకెనే ఏసిన" అన్నారాయన. ఆ అక్షరాలు వచ్చాయని సంతోషమే. అవి కోసే పని తనకి లేదని మాత్రం పైకి అనలేదు.

మేం మాట్లాడుతుండగా ఒక కుర్రాడొచ్చాడు. ఇరవై ఉంటాయేమో. ఫోన్లో ఒక ఫొటో చూపించి, "అన్నా, ట్యాంకు మీద పేరు, కింద 'మిస్ యూ' అని" అన్నాడు. ఎవరని షాపాయన అడగలేదు. పుట్టిన తేదీ, ఇంకో తేదీ రాసుకున్నారు. కుర్రాడు ఫాంటు ఎంచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి తమ హీరో సినిమా టైటిల్ లాంటిదే కావాలన్నాడు. ఇద్దరూ కలిసి మొదటి రోజు మొదటి ఆట చూసిన సినిమా అది.

వాడు వెళ్లాక తెలిసింది. రాత్రిపూట ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని వెనకనుంచి గుద్దుకున్నాడట ఆ స్నేహితుడు. ట్రాలీకి లైటు లేదు, రేడియమూ లేదు.

షాపాయన గోడకున్న ఎర్రరోలు చూపించారు. దుమ్ముపట్టి ఉంది. బండికి ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు మెరిసే పట్టీలుండాలని రూలు. లారీలవాళ్లు ఫిట్‌నెస్ కోసమైనా వేయించుకుంటారు. ట్రాలీలవాళ్లు రారు. "ట్రాలీ తెస్తరు సార్. 'జై జవాన్ జై కిసాన్' ఏయమంటరు, కొడుకు పేరు ఏయమంటరు, హీరో బొమ్మ ఏయమంటరు. వెనక ఎర్రపట్టీ ఏసుకో అంటె, పొలంల తిరిగేదానికి ఎందుకంటరు. వడ్లు ఏసుకోని మార్కెట్‌కి పోయేది రాత్రే గద!"

ఆ మాట నా వెంటే వచ్చింది.

సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరాలి గనక పానగల్లు మాత్రం ఒక్క అరగంటలో చూసి వచ్చాను. అక్కడి ఛాయాసోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. కరెంటూ, ప్రొజెక్టరూ లేని రోజుల్లో వెలుగుతో బొమ్మకట్టిన మహానుభావులెవరో! నల్లగొండ వెళితే వదలకండి.

దేవరకొండ, డిండి, కల్వకుర్తి మీదుగా బస్సులు మారుతూ పోయాను. కల్వకుర్తి దాటేసరికి చీకటి పడింది. జడ్చర్ల ఇంకా ఉందనగా మా డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు కొట్టాడు. ముందు సీటుకి అందరి తలలూ తగిలాయి. ఎదురుగా పత్తి బోరాలతో కొండలా ఒక ట్రాలీ. వెనక ఒక్క మెరుపు లేదు. మా బస్సు లైట్లు దగ్గరగా పడ్డాకే బోరాల కింద చెక్క మీద ఏదో హీరో పేరు కనిపించింది. పెద్ద అక్షరాలే, కానీ మెరవని మామూలు వినైల్. డ్రైవరు కిటికీలోంచి అన్న మాటలు పత్రికలో వేయడానికి వీలైనవి కావు.

మహబూబ్‌నగర్‌లో మర్నాడు పొద్దున్న ఆనవాయితీగా పిల్లలమర్రికి వెళ్లాను. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018లో ఆ చెట్టుకి మనుషులకి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు.

ఊళ్లో నేను చూసిన షాపు భార్యాభర్తలది. ఆయన డిజైన్ చేస్తారు, బండ్ల మీద అతికిస్తారు. సూది పట్టి వేస్టు తీసేది ఆమె. ఆమె చేతిలో ఒక్క ఒత్తూ ఊడదు! "జాకెట్ హుక్కులు కుట్టిన చేతులన్నా ఇవి" అంది నవ్వుతూ.

ఓ రైతు ట్రాలీ తెచ్చాడు. కొత్తది, ఇంకా రంగు వాసన పోలేదు. వెనక తలుపు మీద కొడుకు పేరు, పక్కన అభిమాన హీరో బొమ్మ కావాలి. ఆమె కొలత తీసుకుని ధర చెప్పింది. ఆయన సగానికి అడిగాడు. అలా పావుగంట నడిచింది బేరం. చివరికి కొంచెం తగ్గించింది. అంతా అయ్యాక ఆమె గోడ మీంచి ఎర్రరోలు తీసింది. ఆయన "గది వద్దమ్మా, నేనడగలె" అన్నాడు.

"పైసలడిగిన్నా పెద్దనాయినా?" అంది.

అడగలేదు నిజమే. కానీ కొడుకు పేరు రేటులో అది ముందే కలిపేసిందని నాకు తర్వాత చెప్పింది. ట్రాలీ అడిగొచ్చిన ప్రతివాళ్లకీ ఇదే పద్ధతట. "విడిగ అడిగితె ఎవ్వరు ఏసుకోరన్నా. హీరోకైతె ఇస్తరు."

ఆయన ఆ రెండు ఎర్రపట్టీలనీ ఓసారి చేత్తో తడిమి, కొడుకు పేరులో ఒత్తు సరిగ్గా ఉందో లేదో దగ్గరగా వంగి చూసుకుని, ట్రాక్టర్ ఎక్కాడు. నేను బస్టాండు వైపు నడిచాను. తిరుగు బస్సులో ఆ నల్లగొండ షాపాయనకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎర్రది ఎంత వెడల్పు కోస్తున్నదట?" అని అడిగారు.