చాపరాయి దగ్గర ఒక పాఠం

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది.

డుంబ్రిగుడ మండలంలోని ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో కొంతకాలం పనిచేశాను. మైదానం నుంచి వెళ్ళినవాణ్ణి. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఇంటి మాట ఆదివాసీ ఒడియా, కొందరిది కువి. 2004లో ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు ఆ రెండూ జాబితాకెక్కాయి. నా నాలుక మీదికి మాత్రం ఎక్కలేదు.

ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో నాలుగవది చదువుకు సంబంధించినది. 2030 నాటికి ప్రతి విద్యార్థికీ సుస్థిర జీవనమూ విశ్వపౌరసత్వమూ నేర్పాలని అందులో ఒక అంశం. మూడవ తరగతి పిల్లలకు 'విశ్వపౌరుడు' అన్న మాటను ఎలా విప్పి చెప్పాలో తోచక, కార్తీకం వెళ్ళిన తరువాత ఒక ఉదయం వాళ్ళను చాపరాయికి తీసుకువెళ్ళాను.

వాలు బండ మీద నీళ్ళు పలుచగా జారిపోతున్నాయి. ఒడ్డున వనభోజనాల శేషం: ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, సీసాలు. గ్లాసులూ పళ్ళేలూ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఆ కబురు ఇక్కడిదాకా వచ్చినట్లు లేదు. ఈ పిల్లల ఇళ్ళలో తల్లులు అడవి నుంచి అడ్డాకులు తెచ్చి, పుల్లలతో విస్తళ్ళు కుట్టి సంతలో అమ్ముతారు. అవి రెండు వానలకు మట్టిలో కలిసిపోతాయి.

గోతాలు పంచి ఏరమన్నాను. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక పిల్ల ఏదో అంది. పక్కవాడు తెలుగులో చెప్పాడు: "మేం పారెయ్యలేదు కదా, మేమెందుకు ఏరాలి అంటోంది సార్."

భూమి అందరిదీ అన్న పుస్తకం జవాబు నోటిదాకా వచ్చింది. కానీ అంతకు ముందు వారమే వాళ్ళకు గోరాపూర్ మీదుగా పోయే గూడ్సు బండి కథ చెప్పాను. ఆ కొత్తవలస-కిరండూల్ మార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణమే వెలిసింది. ప్రపంచం ఎప్పుడో ఈ కొండలెక్కి తనకు కావలసింది పట్టుకుపోతోంది. వీళ్ళ బాధ్యతలు వీళ్ళకు గుర్తుచేయడానికి ఇప్పుడు నన్ను పంపినట్లుంది!

"నాకూ తెలియదమ్మా" అన్నాను.

"అయితే లెక్కపెడదాం సార్" అన్నాడు వేరొకడు. ఏరడం మానేసి లెక్కపెట్టాం. గ్లాసులకో వరుస, సీసాలకో వరుస, పళ్ళేలకో వరుస. అంత శ్రద్ధగా వాళ్ళు ఎక్కాలు కూడా చదవలేదు. ఎవరు పారేశారన్న గడి కూడా ఉండాలని పట్టుబట్టారు. 'చూడ్డానికి వచ్చినవాళ్ళు' అని వ్రాయించారు.

చివర బహుమతిగా నా సంచిలోంచి బిస్కెట్ పాకెట్లు తీసి పంచాను. అందరూ తిన్నారు. ఆ పిల్ల కాగితాలన్నీ పోగుచేసి, ఒక్కొక్కటీ మడిచి నా ముందు పెట్టింది. పందొమ్మిది. ఈసారి తెలుగులోనే అంది: "ఇవి కూడా రాయండి సార్."

వ్రాశాను. ఎవరు పారేశారన్న గడిలో ఏమి వ్రాయాలో వాళ్ళే చెప్పారు: 'సార్'.