పదకొండు నెలల అగ్రిమెంటు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు కానీ, ఆ ఇల్లు కట్టేలోపు తలదాచుకోవడానికి ఇంకో ఇల్లు వెతికి చూడు అని మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకైతే ఇదే కష్టమనిపించింది.

రేపల్లెలో మా ఇల్లు మా తాతగారు కట్టించింది. అంతకు ముందున్న పెంకుటిల్లు 1977 నవంబరు 19 తుఫానులో పోయింది. కొత్తింటిని వీధి కంటే మూడు మెట్లు ఎత్తులో కట్టించారట. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేసే అలవాటు మనకి ఉంది కదా, ఇప్పుడు వీధే మా గడప కంటే జానెడు ఎత్తులో ఉంది. గట్టి వానొస్తే నీళ్ళన్నీ మా వరండాలోకే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కరకట్ట ఏమవుతుందోనని అమ్మ రెండు రాత్రులు కన్ను మూయలేదు. మా వీధికి ఆ నీళ్ళు రాలేదు గానీ, ఇక పడగొట్టి కట్టేద్దాం అని ఆ వారమే అనుకున్నాం.

మేస్త్రీ ఎనిమిది నెలలన్నాడు. మన ఫీల్డులో ఉన్నవాడెవడూ ఎస్టిమేషన్ ని ఉన్నదున్నట్టు నమ్మడు కదా. నేనూ కూర్చుని లెక్కేశాను. మాది నల్లమట్టి, ఎండితే బీటలు, తడిస్తే ఉబ్బు, కాబట్టి పునాదికే ఎక్కువ టైం. మధ్యలో ఆషాఢం, ఒక మూఢం, వానలు. బ్యాంకువాళ్ళు లోను డబ్బులు ఒకేసారి ఇవ్వరు, పునాదికింత, స్లాబుకింత అని విడతలవారీగా ఇస్తారు, ప్రతి విడతకీ ఒకాయన వచ్చి చూసెళ్ళాలి. మొత్తం పద్నాలుగు నెలలు తేలింది. అద్దె అగ్రిమెంటు చూస్తే పదకొండు నెలలకి. (ఏడాది దాటే లీజుని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం. ఆ బాధెందుకని అందరూ పదకొండుకే రాసుకుంటారు.) ఇల్లు స్లాబు దాటి ప్లాస్టరింగుకి వచ్చేసరికి మేం సామాను సర్దుకోవాలన్నమాట.

ముందు తెనాలి చూశాను. నా ఐడియానే. ఆసుపత్రులున్నాయి, మెయిన్ లైను మీద ఉంది, హైదరాబాదు నుంచి నేను రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. మారిస్ పేటలో ఒక పోర్షను బాగుంది కానీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు, అమ్మకి మోకాళ్ళ నెప్పులు. ఇంకోచోట కింద పోర్షనే. ఓనరు గారు కాఫీ ఇచ్చి, "ఏమనుకోకండి, మీరెవరండీ?" అన్నారు. పేరు అప్పటికే చెప్పాను, ఆయనకి కావాల్సింది పేరు కాదు. సరే, అది కుదరలేదు. అయినా తెనాలి నుంచి రేపల్లెకి రైల్లో ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. రోజూ పొద్దున్నే స్లాబు తడపడానికి నేనెలా వెళ్ళేదిరా అని నాన్న గొడవ. నీళ్ళు కొట్టడానికి మనిషిని పెడదామంటే వినరే.

తర్వాత బాపట్ల. అక్కావాళ్ళు అక్కడే ఉంటారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి అదే హెడ్ క్వార్టర్స్ అయింది, రేపల్లె కూడా ఆ జిల్లాలోకే వెళ్ళింది. దాంతో ఆఫీసులూ, ఉద్యోగులూ వచ్చి అద్దెలు పెరిగాయని బ్రోకరు ఉపోద్ఘాతం. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకిస్తే తలకింత చొప్పున వస్తుందని కొందరు ఫ్యామిలీకి అసలు ఇవ్వనే ఇవ్వట్లేదు. తిరగ్గా తిరగ్గా ఒక ఇల్లు దొరికింది. కింద పోర్షను, వెనక వేపచెట్టు, మంచి నీళ్ళు. అమ్మకి తెగ నచ్చేసింది, పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా చూసేసుకుంది. అడ్వాన్సు ఇద్దామని నేను ఫోన్ తీశాను. ఓనరు నన్ను పక్కకి పిలిచి, "నాన్నగారికి ఎన్నేళ్ళు బాబూ?" అన్నారు.

డెబ్భై ఎనిమిది. రెండు స్టెంట్లు వేశారు. ఆ రెండోది నేను చెప్పలేదు, మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం చూసి ఆయనే ఏదో అనుకున్నట్టున్నారు.

"మాకేం లేదు, పెద్దవాళ్ళుంటే ఇంటికి నిండు. కానీ రేపు ఏదన్నా అయితే, నక్షత్రం మంచిది కాకపోతే..." అని ఆగిపోయారు. తెలియనివాళ్ళ కోసం: ధనిష్ఠ నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో మనిషి పోతే ఇల్లు పాడుపెట్టాలంటారు, ధనిష్ఠకైతే ఆరు నెలలు. మంచి నక్షత్రమైనా సరే, అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వక వీధిలోనే టెంటు వేసి పడుకోబెట్టినవాళ్ళని నేను హైదరాబాదులోనూ చూశాను. నాకు చాలా కోపం వచ్చింది. ఏదో గట్టిగా అనబోయాను. వెనక నుంచి నాన్న, "ఆయన అడిగింది న్యాయమేరా, పద" అన్నారు. ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు.

కార్లో చెరుకుపల్లి దాకా ఎవరం మాట్లాడలేదు. అక్కడ టీకి ఆగినప్పుడు నాన్న అన్నారు, "మన ముందు పోర్షన్లో పంతులుగారు ఉండేవాళ్ళు, గుర్తుందా?"

గుర్తుంది. నేను ఏడో తరగతి. వాళ్ళబ్బాయి, నేను ఒకే బెంచి. వాళ్ళ మామ్మ మంచం పట్టిన నెలలోపే వాళ్ళు ఖాళీ చేశారు. రిక్షాలో మామ్మ, ఆవిడ కాళ్ళ దగ్గర బిందె. ట్రాన్స్ ఫర్ అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నేనే ఖాళీ చెయ్యమన్నాను. ఇంట్లో మీ బాబాయి పెళ్ళి ఉందని" అన్నారు నాన్న. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తనకి తెలుసు.

ఆ తర్వాత అద్దె ఇల్లు చూడలేదు. 77 తుఫాను తర్వాత మా తాతగారు దొడ్లో తాటాకు పాక వేసి, అందులో ఉండే ఈ ఇల్లు కట్టించారట, మనమూ అదే చేద్దామన్నారు నాన్న. దొడ్డి చివర ఇటికలతో రెండు గదులు, పైన రేకులు. పాత బాత్రూం ఎలాగూ ఆ పక్కనే ఉంది, దాన్ని పడగొట్టం. కరెంటు మీటరు అటు మార్పిస్తాం. పద్నాలుగు నెలల అద్దె కంటే కొంచెం ఎక్కువే అవుతోంది, కానీ కట్టడం అయ్యాక స్టోరు గదిగా ఉంటుంది. వాచ్ మన్ ఖర్చు లేదు. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఇష్టం లేదు. మే నెల ఎండకి రేకుల కింద ఏసీ పెట్టినా ఏం ఆగుతుంది? సిమెంటు దుమ్ములో నాన్న ఊపిరి సంగతేంటి? అవన్నీ చెప్పాను. "మన స్థలంలో ఎవడూ వయసు అడగడు కదరా" అన్నారు. దానికి నా దగ్గర స్ప్రెడ్ షీట్ లేదు.

గదులు లేచాయి. రెండు గదులకే అయినా గడప వీధి కంటే రెండడుగులు ఎత్తులో పెట్టించారు. మొన్న ఫోన్లో అవీ ఇవీ మాట్లాడి, చివర్లో పంతులుగారి అబ్బాయి నంబరు ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడమన్నారు. మా క్లాసువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. తెనాలిలోనే ఉంటాడని ఒకడన్నాడు, కాదు, ఒంగోలు వెళ్ళిపోయాడని ఇంకొకడన్నాడు. నంబరు ఇంకా దొరకలేదు.